పగకు ఓఎస్ నంబరు

జమ్మలమడుగు చుట్టుపక్కల ఫ్యాక్షన్ తగ్గిందని పోలీసులు చెబుతారు, నాయకులు చెబుతారు, సినిమావాళ్లు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఎందుకు తగ్గిందని అడిగితే చదువులొచ్చాయంటారు, నీళ్లొచ్చాయంటారు. నా లెక్క వేరు. ఫ్యాక్షన్ చేసే పనులన్నీ 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ అంతకన్నా నికరంగా చేసిపెడుతుంటే, దొంగచాటుగా బాంబులు చుట్టుకునే ఖర్మ ఎవరికి?

వారసత్వం సంగతే చూడండి. వెనకట తాత పగ మనవడికి అందాలంటే అవ్వ పక్కన కూర్చోబెట్టుకుని నూరిపోయాలి. మనవడు బెంగళూరులో కొలువంటూ వెళ్లిపోతే పగ అక్కడితో తెగేది. ఓఎస్ నంబరు పడిన దావాలో ఆ బెంగ లేదు. వాది పోతే 90 రోజుల్లోగా వారసులను ఎల్లార్లుగా చేర్చమని పిటిషన్ వేస్తారు. వేయకపోతే దావా ‘అబేట్’ అవుతుంది, అంటే అదీ పోతుంది. పోయినా ఫరవాలేదు, దాన్ని మళ్లీ లేపమని ఇంకో 60 రోజుల్లో అడగొచ్చు. ఆ గడువూ దాటితే ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ ఉంది. వాదికి లేని ఈ సౌకర్యం దావాకు ఉంది. బెంగళూరు మనవడు గట్టు ఎటువైపు ఉందో చూసి ఎరగడు, అయినా గట్టు తగాదాలో ఆయనే రెండో వాది.

గట్టు తగాదాకు జమ్మలమడుగు వైపు మొదటి ఎత్తు ఇంజక్షన్. ఎదుటివాడు నిద్ర లేవకముందే కోర్టుకెళ్లి ఎక్స్‌పార్టీ ఆర్డరు తెచ్చుకోవడం. అలా ఇచ్చిన దాన్ని 30 రోజుల్లో తేల్చాలని కోడ్ చెబుతుంది. ఈలోగా కొలతలకు అడ్వకేట్ కమిషనర్ రావాలి, ఆయనతో సర్వేయరు రావాలి, కమిషనర్ రిపోర్టు మీద ఓడినవాడు అభ్యంతరాలు వేయాలి. బండిదారి మీద ముళ్లకంప వేసినవాడికి ఇప్పుడు కంప ఖర్చు కూడా లేదు. ‘స్టేటస్ కో’ అన్న రెండు మాటలే చాలు.

గడువుల విషయంలో కోడ్ మహా కచ్చితం. జవాబు దావా 30 రోజుల్లో వేయాలి, మహా అయితే 90. విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలే. 2002లో ఈ సవరణలు అమలుకొచ్చాక దేశంలో లాయర్లు బెంబేలెత్తారు. సేలం లాయర్ల సంఘం సుప్రీంకోర్టుకెక్కింది. 2005లో కోర్టు సెలవిచ్చిందేమంటే, ఆ 90 రోజులు మార్గం చూపడానికే తప్ప తలుపు మూయడానికి కాదని, మూడు వాయిదాలు దాటినా తప్పనిసరి కారణముంటే ఇవ్వొచ్చని. మన కోర్టు ఆవరణల్లో తప్పనిసరి కారణాలకు ఎప్పుడూ కరువు లేదు.

“ఈపొద్దన్నా తేలుతాదా సామీ?”

“యాడ తేలేది పెద్దాయనా, ఎదుటాయప్ప లాయరు టైం అడిగినాడు. సంకురాత్రి పోయినాక రాండి.”

ఇక ప్రొద్దుటూరు. బంగారం, బట్టల వ్యాపారం మూలంగా రెండో ముంబై అని పేరున్న ఊరు. ఇక్కడ సరుకు నమ్మకం మీద, నమ్మకం ప్రోనోటు మీద నడుస్తాయి. నోటుకు ఆయుష్షు మూడేళ్లు. మూడో ఏడు దాటకముందే బాకీదారును టీ తాగించి బతిమాలి వెయ్యో రెండువేలో కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటే ఇంకో మూడేళ్లు బతుకుతుంది. కాబట్టి ఊళ్లో ఎవరైనా షావుకారు అప్పున్నవాడికి మర్యాదలు చేస్తుంటే అది స్నేహమనుకోకండి, లిమిటేషన్ చట్టం.

చెల్లు పడకపోతే దావా. డిక్రీ వస్తే ఇంకా మజా. నూటికి రెండు రూపాయల వడ్డీకి రాయించుకున్న చేబదులు, వ్యాపారపు అప్పు కాకపోతే, డిక్రీ రోజు నుంచి ఏడాదికి 6 శాతం దాటదు. ఇరవై నాలుగుకు తెచ్చిన అప్పును ఆరుకు దించే బ్యాంకు ఇంకెక్కడుంది? బాకీదారుకు ఆ సంగతి బాగా తెలుసు. తెలియనిది గెలిచినవాడికే. హిందూదేశంలో డిక్రీ వచ్చాకే కక్షిదారు కష్టాలు మొదలవుతాయని లండన్‌లో కూర్చున్న ప్రివీ కౌన్సిల్ 1872లోనే గుర్తించింది. డిక్రీని అమలు చేయమని వేసే ఈపీలు ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. 2025లో లెక్క తీయిస్తే దేశమంతా కలిపి 8.82 లక్షల ఈపీలు పెండింగని తేలింది.

ఈపీలో ఏముంటుందో వినండి. జప్తుకు వెళ్తే ఒంటిమీది బట్టలు, వంటపాత్రలు, మంచాలు తీసుకోకూడదు. రైతుదైతే ఎద్దులు, సేద్యపు పనిముట్లు వదిలేయాలి. మతాచారం ప్రకారం ఆడవాళ్లు తీయకూడని నగలు ముట్టుకోకూడదు. ప్రొద్దుటూరులో అమీనా వస్తున్నాడంటే ఆచారం కొన్ని తులాల మేర పెరుగుతుందని చెప్పుకుంటారు. సరే, మనిషినే సివిల్ జైలుకు పంపుదామంటే లోపల అతని కూటి ఖర్చు గెలిచినవాడు ముందుగా కోర్టులో కట్టాలి. బాకీ రాలేదు సరికదా, బాకీదారుకు మెస్సు పెట్టాలి. మూడు నెలలు మేపినా అప్పు తీరదు, అదే డిక్రీ మీద రెండోసారి అరెస్టూ కుదరదు.

అంతదూరం రానివ్వని తెలివైనవాడు ముందే సబ్ కోర్టులో దివాలా తీశానని ఐపీ పెడతాడు. 1920 నాటి ఇన్‌సాల్వెన్సీ చట్టం ప్రకారం ఐపీ పెట్టడానికి 500 రూపాయల అప్పుంటే చాలు. ఆనాటి ఐదువందలకు తోట వచ్చేది. ఇవాళ ఇద్దరు బిర్యానీ తిని లేస్తే ఆ అర్హత వచ్చేస్తుంది. ఐపీలో అప్పులిచ్చిన వాళ్లందరూ ప్రతివాదులు. డబ్బు ఇచ్చిన పాపానికి వరసగా నంబర్లేసి నోటీసులు పంపుతారు. తన నంబరు ముప్పైఏడని తెలిశాకే షావుకారుకు, ముందున్న ముప్పైఆరుగురూ తనలాగే టీ తాగించారని అర్థమవుతుంది.

ఇదంతా చిన్నవాళ్ల బాధ అనుకునేరు. పులివెందుల వెళ్దాం. తండ్రీకొడుకులిద్దరినీ ముఖ్యమంత్రులను చేసిన ఊరు. సరస్వతి పవర్ కంపెనీ వాటాల మీద కొడుకు జగన్ తన తల్లినీ చెల్లినీ ఎదుటి పక్షం చేసి 2024లో హైదరాబాద్ కంపెనీ లా ట్రైబ్యునల్‌కు వెళ్లారు. మూలంలో ఉన్నది 2019 నాటి ఒప్పందపత్రం, అందులో చెల్లెలి మీది ప్రేమాభిమానాలు. అవి ఇప్పుడు లేవని అన్న, ఇచ్చినమాట ఇచ్చినట్టుండాలని చెల్లెలు. 2025 జూలైలో ట్రైబ్యునల్ జగన్ వైపు ఆర్డరిచ్చింది. మన దస్తావేజు రాయసగాళ్లు ప్రతి దాన సెటిల్మెంటులో అలవాటుగా రాసే మాటే ఆ ‘ప్రేమాభిమానాలు’. ఇకమీదట ప్రేమాభిమానాలకూ నోటు మాదిరి మూడేళ్లకోసారి చెల్లు రాయించుకోవడం మంచిదేమో.

కింది కోర్టులో ఓడితే జిల్లా కోర్టు, ఆపైన అమరావతిలో హైకోర్టు. ఈ హైకోర్టు మద్రాసు, గుంటూరు, హైదరాబాద్ తిరిగి అక్కడికి చేరింది. రాయలసీమకు మాత్రం రాలేదు. రాజధానో హైకోర్టో కోరుకోండని సీమకు మాటిచ్చిన శ్రీబాగ్ ఒడంబడిక 1937 నాటిది. మా సీమలో అన్నిటికన్నా పాత దావా అదే, ఎల్లార్లు తరాలుగా చేరుతూనే ఉన్నారు.

మొన్న లోక్ అదాలత్ రోజున గుమాస్తా ఒక పెద్దాయనను పక్కకు పిలిచి నచ్చజెప్పాడు.

“రాజీ పడు పెద్దాయనా. కట్టిన కోర్టు ఫీజంతా వాపసొస్తాది. ఈపొద్దే తేలిపోతాది.”

“వాళ్లకేం నష్టం?”

“వాళ్లకీ నష్టం లేదు.”

“మల్లా అప్పీలుకు పోవచ్చునా?”

“లేదు. అదాలత్ అవార్డుకు అప్పీలుండదు.”

“అప్పీలే లేదంటే అదేం రాజీ సామీ? నాకొద్దు. వాయిదా ఎప్పుడో చెప్పు.”