పిచ్చరమ్మాయి తల్లిదండ్రులకు కరదీపిక

మీ అమ్మాయిని స్కూలు సాఫ్ట్‌బాల్ జట్టులోకి తీసుకున్నారు, అందులోనూ బంతి వేసే పిచ్చర్‌గా. శుభం. ఇవాళ్టి నుంచి మీ ఇంట్లో ప్రశాంతత, శనివారం నాడు వాడపల్లి వెంకన్న గుడి దగ్గర బండి పెట్టుకునే చోటు, రెండూ ఒకటే. ఉందనే అందరూ అంటారు, వెళ్లి చూస్తే ఉండదు.

అయినా కంగారు పడకండి. కింది సలహాలు తు.చ. తప్పకుండా పాటిస్తే ఆర్నెల్లలో పీఈటీ మాస్టారితో మాటలు పోతాయి, ఏడాది తిరక్కుండా అమ్మాయి షటిల్‌కి మారిపోతుంది. దీనికి మాది పూచీ.

ముందుగా, ఆట గురించి ఏమీ తెలుసుకోవద్దు. ఆట తెలియడం మాస్టారి పని. ఆయనకు తెలీదని తేల్చడం మీ పని. పిచ్చర్ నిలబడే పలక నుంచి హోమ్ ప్లేట్ దాకా, ఆడవాళ్ల అంతర్జాతీయ ఆటలో 43 అడుగులుంటుంది. క్రికెట్ పిచ్ 66 అడుగులు. చిన్నపిల్లల చేత ఇంకా దగ్గర నుంచి వేయిస్తారు. మీరు మాత్రం వీధరుగు దగ్గర్నుంచి కొబ్బరిచెట్టు దాకా ఎంతుంటే అంత పెట్టుకోండి. టేపు తెచ్చి కొలిచారా, మాస్టారు చెప్పిందే నిజమని తేలే ప్రమాదం ఉంది. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 190 గ్రాములకు అటూ ఇటూ. క్రికెట్ బంతి కన్నా పెద్దది, బరువైనది. పదమూడేళ్ల పిల్ల వేళ్లకు అది సరిగ్గా అందదు. ఆ సంగతి కూడా పట్టించుకోనక్కర్లేదు, వేళ్లు ఎలాగూ పెరుగుతాయి.

మీకు క్రికెట్ వచ్చు కదా, అది చాలు. పండక్కి ఊళ్లో కుర్రాళ్లు పెట్టిన టోర్నమెంటులో మూడు వికెట్లు తీశారు. ఆ చరిత్ర మీ బామ్మర్దికి గుర్తులేకపోయినా మీకు గుర్తుంది. కాబట్టి అమ్మాయి చెయ్యి తిప్పగానే అరుగు మీంచే కేకెయ్యండి. “మోచెయ్యి వంగుతోందే! త్రో ఇస్తారు!” అనండి. క్రికెట్లో బౌలర్ మోచెయ్యి 15 డిగ్రీలకు మించి చాపుకోకూడదన్న నియమం ఉంది, నిజమే. సాఫ్ట్‌బాల్ అంపైరుకు ఆ డిగ్రీలతో పని లేదు. ఆయన చూసేది వేరు. బంతి వదిలేటప్పుడు చెయ్యి తుంటి కిందుగా ఉందా, మణికట్టు మోచేతి కన్నా ఒంటికి దూరంగా పోయిందా, చెయ్యి ముందుకే సాగిందా, అంతే. ఈ సంగతి మీ అమ్మాయికి తెలుసు. కానీ చెప్పదు, పెద్దంతరం చిన్నంతరం తెలిసిన పిల్ల. “ఆయ్, అలాగే నాన్నా” అంటుంది. మీరు లోపలికి వెళ్లగానే ఎప్పట్లాగే వేసుకుంటుంది.

ఇక అసలు యుద్ధం. దీనికి డాలస్‌లో ఉన్న బాబాయి కావాలి. మీకు అలాంటి బాబాయి లేకపోతే పక్కింటివాళ్ల బాబాయిని వాడుకోండి. కోనసీమలో అమెరికా బాబాయి లేని వీధి ఉండదు, అక్కడక్కడా కువైట్ బాబాయిలు ఉంటారు గానీ వాళ్లు ఈ విషయంలో పనికిరారు. బాబాయి కూతురు అక్కడ సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. పిచింగ్ ఒక్కటీ నేర్పడానికి ఆ పిల్లకు విడిగా కోచ్ ఉంటాడు, గంటకింతని పుచ్చుకుంటాడు. డాలర్లిచ్చి నేర్చుకున్న విద్య కాబట్టి అది జీతానికి పనిచేసే మన మాస్టారి విద్య కన్నా గొప్పదని వేరే చెప్పాలా? రాత్రి పదింటికి బాబాయికి వీడియో పంపండి. వాళ్లకప్పటికి మధ్యాహ్నం భోజనాల వేళ కావస్తుంటుంది, తీరిగ్గా చూస్తాడు. తెల్లారేసరికి మీ ఫోన్లో తొమ్మిది వాయిస్ మెసేజ్‌లు ఉంటాయి.

తగువేమిటో కొంచెం చెప్పుకుందాం, ఎందుకంటే ఇది నిజమైన తగువే. సాఫ్ట్‌బాల్లో చెయ్యి భుజం చుట్టూ నిండుగా ఒక చుట్టు తిరిగి, తుంటి పక్కకొచ్చేసరికి బంతి వేళ్ల నుంచి జారుతుంది. విండ్‌మిల్ అంటారు. గొడవంతా ఆ జారే క్షణం దగ్గరే. ఒక పద్ధతిలో అరచెయ్యి క్యాచర్ వైపు పెట్టి బంతి వదలాలి, మణికట్టు విదిలించాలి, తర్వాత చెయ్యి మడిచి మోచేతిని పైకెత్తి క్యాచర్‌కి చూపించాలి. అమెరికాలో దీన్ని ‘హలో ఎల్బో’ అంటారు. రెండో పద్ధతిలో చెయ్యి కాస్త వంగే ఉంటుంది, ముంజెయ్యి తుంటికి రాసుకుంటుంది, లోపలి వైపుకు తిరుగుతూ ఒక్కసారిగా విదులుతుంది. ఆ తర్వాత మోచెయ్యి ఎటు పోతే అటు పోనిస్తారు. అలా వేసే పిల్లల ముంజేతి లోపలి వైపు చూడండి, తుంటికి రాసుకుని కమిలిన ఎర్రటి మచ్చ ఉంటుంది. అమ్మ దానికి కొబ్బరినూనె రాసి, “ఎవరు కొట్టారే?” అంటుంది.

మాస్టారు ఏదో క్యాంపులో మొదటి పద్ధతి నేర్చుకొచ్చారు. బాబాయిది రెండోది. ఇదే తగువు అమెరికాలో మైదానాల కంచెల దగ్గర కుర్చీలేసుకుని మరీ తల్లిదండ్రులు పడుతుంటారు, కాబట్టి వాడపల్లి వాళ్లం వెనకబడ్డామని చిన్నబుచ్చుకోకండి. నన్నడిగితే విషయంలో బాబాయిదే రైటు. పేరున్న పిచ్చర్ల వీడియోలు నెమ్మదిగా తిప్పి చూస్తే, తరగతిలో మోచెయ్యి చూపించమని చెప్పేవాళ్లు కూడా మైదానంలో తమ బంతిని ముంజెయ్యి తుంటికి రాసుకుంటూనే వేస్తుంటారు. కానీ మండలం పోటీలు సోమవారం ఉండగా గురువారం రాత్రి వచ్చే రైటు వల్ల ఎవరికీ మేలు జరగదు. శుక్రవారం పొద్దున్న పిల్ల ఒక బంతి మాస్టారి పద్ధతిలో, ఒక బంతి బాబాయి పద్ధతిలో వేస్తుంది. మూడోది పక్కనున్న సైకిల్ స్టాండులో పడుతుంది. అదే అదను. వెంటనే మాస్టారి దగ్గరకెళ్లి, “ఏవండీ, మీ కోచింగ్ వల్ల పిల్లకి గురి పోయిందండీ” అనండి.

మాస్టారూ, ఈ కరదీపికలో మీకూ వాటా ఉంది. మీకు కబడ్డీ ఉంది, ఖోఖో ఉంది, వాలీబాల్ ఉంది, అసెంబ్లీలో వరసలు సరిచేసే పని ఉంది, ఫోన్లో ఎక్కించాల్సిన ఫొటోలున్నాయి. వీటి మధ్య సాఫ్ట్‌బాల్‌కి ఒక అరగంట. ఆ అరగంటలో ఒకాయన డాలస్ నుంచి వచ్చిన వీడియో పట్టుకుని గేటు దగ్గర నిలబడతాడు. దాన్ని పొరపాటున కూడా చూడకండి. చూస్తే అందులో నిజం కనబడొచ్చు, కనబడితే ఒప్పుకోవాల్సొస్తుంది, ఒప్పుకుంటే రేపు వాలీబాల్ పిల్లల నాన్నలు కూడా వస్తారు. “ఎంతమందిని స్టేట్‌కి పంపానో తెల్సాండి?” అనండి. అంకె చెప్పకండి. నేషనల్స్ అన్నమాట వాడితే ఇంకా బాగుంటుంది.

అందరూ కలిసి పాటించాల్సిన నియమం ఒకటుంది. బంతులు లెక్కపెట్టకూడదు. మోచెయ్యి మీద ఎంతైనా వాదించుకోవచ్చు గానీ, రోజుకు పిల్ల ఎన్ని వేసిందన్న ప్రశ్న ఎవరి నోటా రాకూడదు. కింది నుంచి వేసే బంతి ఒంటికి సహజం, భుజానికి ఏమీ కాదు అని ఒక నమ్మకం ఎప్పట్నుంచో ఉంది. 1998లో అమెరికా పరిశోధకులు కొలిచి చూస్తే, విండ్‌మిల్ వేసేటప్పుడు భుజం మీద పడే ఒత్తిడి పైనుంచి విసిరే బేస్‌బాల్ పిచ్చర్లకు దీటుగానే ఉందని తేలింది. అయినా నమ్మకం నమ్మకమే. అక్కడి లిటిల్ లీగ్ బేస్‌బాల్లో 13 నుంచి 16 ఏళ్ల కుర్రాడు రోజుకు 95 బంతులు దాటకూడదు. అదే సంస్థ ఆడించే ఆడపిల్లల సాఫ్ట్‌బాల్లో బంతుల లెక్క లేదు, ఇన్నింగ్సుల లెక్కే.

ఎవరైనా అడ్డు చెబితే యుకికో ఉఎనో పేరు ఎత్తండి. జపాన్ పిచ్చర్. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో మూడు మ్యాచులాడి 413 బంతులు వేసింది. ఆగస్టు 20న ఒకే రోజు రెండు మ్యాచులు, రెండూ ఎక్స్‌ట్రా ఇన్నింగ్సుల దాకా పోయాయి. మర్నాడు ఫైనల్లో అమెరికాను ఓడించి జపాన్‌కు బంగారు పతకం తెచ్చింది. పదమూడేళ్ల తర్వాత టోక్యోలో 39 ఏళ్ల వయసులో మళ్లీ ఫైనల్ వేసి మళ్లీ బంగారమే తెచ్చింది. “చూశావా!” అని అమ్మాయికి చెప్పండి. బీజింగ్ నాటికి ఉఎనోకి 26 ఏళ్లని మాత్రం చెప్పకండి.

ఈ విషయంలో అమ్మతో జాగ్రత్త. ఆవిడకు మోచెయ్యి గొడవ పట్టదు. అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంటుంది. అమ్మాయి బంతి వేసినప్పుడల్లా ఒక పిక్క గిన్నెలో పడేస్తుంది. కొంతసేపయ్యాక గిన్నె వంక చూసి, “చాల్లే, ఇంక లోపలికి రా, రేపు జడేసుకోడానికి చెయ్యి లేవదు” అంటుంది. ఇంత ప్రమాదకరమైన శాస్త్రజ్ఞానం ఇంట్లో ఉంటే పిచ్చర్ తయారవదు. ఆవిణ్ని ఏదో వంకన పుట్టింటికి పంపండి. ఆత్రేయపురమే అయితే సాయంత్రానికి పూతరేకులు పట్టుకుని తిరిగొచ్చేస్తుంది, కాబట్టి పుట్టిల్లు కాస్త దూరంగా ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

దైవబలం కూడా చూసుకోండి. సాఫ్ట్‌బాల్ ఆటంటే ఏడు ఇన్నింగ్సులు. మనదా, ఏడు శనివారాల వెంకన్న. ఇంతకన్నా శకునం ఏం కావాలి? అమ్మాయి సెలక్ట్ కావాలని ఏడు వారాలు మొక్కుకుని, ఏడు శనివారాలూ పొద్దున్నే లేపి క్యూలో నిలబెట్టండి. మాస్టారు శనివారాలే గ్రౌండులో ఎక్కువసేపు ప్రాక్టీస్ పెడతారన్నది మన సమస్య కాదు. ఏడో వారం తర్వాత ఆమె ఆటలో తేడా కనబడితే అది స్వామి మహిమ, కనబడకపోతే మాస్టారి లోపం.

ఇంత తతంగం ఎందుకని పిల్ల అడగొచ్చు. సర్టిఫికెట్ కోసం అని చెప్పేయండి, దాపరికం ఎందుకు? మండలం, డివిజన్, ఉమ్మడి జిల్లా, స్టేట్ అని మెట్లున్నాయి. క్రికెట్లో ఒక్కో మెట్టు మీద వందలమంది తోసుకుంటుంటే, ఇక్కడ కాస్త ఊపిరాడుతుంది. సాఫ్ట్‌బాల్ మీద మన రాష్ట్రంలో ఇంత ప్రేమ ఉండటానికి ఇదో కారణమని నా అనుమానం. 2024 క్రీడా విధానంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటా 2 నుంచి 3 శాతానికి పెంచారు. ఆ ఒక్క శాతం మీ అమ్మాయి కోసమే పెంచారన్నట్టు ప్రవర్తించండి. సర్టిఫికెట్ రాకముందే లామినేషన్ చేయించడానికి మనిషిని మాట్లాడి పెట్టుకోండి.

ఇక మ్యాచ్ రోజు. మీరు క్యాచర్ వెనకాల కంచె పట్టుకుని నిలబడండి. మాస్టారు గ్రౌండు పక్కన ఉంటారు. బాబాయి వీడియో కాల్లో ఉంటాడు, ఫోన్ కంచెకి ఆనించండి. అమ్మాయి చెయ్యి తిప్పడం మొదలెట్టగానే మాస్టారు “మోచెయ్యి!” అనాలి, బాబాయి “తుంటి!” అనాలి, మీరు “త్రో!” అనాలి. మూడూ ఒకేసారి వినబడితేనే ఫలితం. అప్పుడు అమ్మాయి ముగ్గురిలో ఎవరూ నేర్పనిది ఏదో వేస్తుంది. పై తరగతి అక్క ఒకత్తి మొన్న నీళ్ల ట్యాంకు దగ్గర చూపించిందట. బ్యాటర్ తిప్పిన బ్యాటుకు గాలే తగులుతుంది.

వెంటనే వెనక్కి తిరిగి పక్కనున్నవాళ్లతో “నేను నేర్పిందే” అనండి. మాస్టారు అప్పటికే అంటుంటారు, బాబాయి కూడా అంటాడు గానీ సిగ్నల్ సరిగా లేక సగమే వినబడుతుంది. లోకల్ పేపరు విలేకరి వస్తే మీరూ మాస్టారూ చెరో పక్కన నిలబడి ఫొటో దిగండి, మధ్యలో ట్రోఫీ పెట్టండి. అమ్మాయి ఫ్రేములో పట్టకపోతే ఫర్వాలేదు గానీ, పేరు స్పెల్లింగు మాత్రం స్కూలు రికార్డులో ఉన్నట్టే పడేలా చూసుకోండి. తేడా వస్తే కోటాకి పనికిరాదు.