ఎడమ పేజీలో అవుట్‌పుట్

మా అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు ఆయనకు నలభై ఏడో ఏట ఎంసీఏ మీద మనసు పడింది. బ్యాంకులో వీఆర్‌ఎస్ తీసుకుని ఐసెట్ రాశారు. 200 మార్కుల్లో 75 లెక్కలకు, 75 ఎనలిటికల్‌కు, మిగతా 50 కమ్యూనికేషన్‌కు. పాతికేళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్న మనిషికి ఇదో లెక్కా? సీటొచ్చేసింది. 2020-21 నుంచి ఎంసీఏ రెండేళ్లకు తగ్గింది కాబట్టి, యాభై నిండకముందే ‘ఫ్రెషర్’ అయిపోవచ్చని ఉబ్బితబ్బిబ్బయ్యారు.

కాలేజీ ఆఫీసులో గుమస్తా ఫైలు తిరగేశాడు. "డిగ్రీ అయ్యాక ఇన్నేళ్లూ ఏం చేశారండీ?"

"ఉద్యోగం."

"అది సరే, గ్యాప్ సర్టిఫికెట్ ఏదీ?"

ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు, తీరిన హోంలోను... అన్నీ కలిపి గ్యాప్ కిందే జమ. చదివామంటూ దొంగ సర్టిఫికెట్లు పుట్టించే జనం మధ్య ఈయన మాత్రం, ఇన్నాళ్లూ ఎక్కడా చదవలేదు మహాప్రభో అని స్టాంపు పేపరు మీద ప్రమాణం చేసి నోటరీ ముద్ర వేయించుకొచ్చారు.

అసలు చదువు ల్యాబ్ రికార్డుతో మొదలైంది. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రాం, ఎడమవైపు తెల్ల పేజీలో అవుట్‌పుట్, రెండూ చేత్తోనే రాయాలి. సెమీకోలన్ ఎగిరిపోతే అడిగే నాథుడు లేడు. మార్జిన్ కొట్టకపోతే మాత్రం మేడం రికార్డు మొహాన కొడతారు. తోటి పిల్లలు సిద్ధహస్తులు. ప్రోగ్రాం చాట్‌జీపీటీ క్షణంలో రాసిస్తుంది, దాన్ని రాత్రంతా కూర్చుని వీళ్లు రికార్డులోకి ఎక్కిస్తారు. బుర్ర పని యంత్రానిది, గుమస్తా పని మనిషిది. లెడ్జర్లు రాయలేకే బ్యాంకులు కంప్యూటర్లు తెచ్చుకున్నాయి. ఆ బ్యాంకు నుంచి వచ్చిన పెద్దమనిషి కంప్యూటర్ చదువు పేరుతో మళ్లీ లెడ్జరు ముందేసుకున్నారు. (చేతిరాత ముత్యాల్లా ఉంటుందని క్లాసులో ఆడపిల్లలు సైతం వాళ్ల రికార్డులు ఈయనకే అప్పగిస్తున్నారని వినికిడి.)

ఇక హాజరు. 75 శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆన్‌లైన్ ఫారంలో ‘తల్లి లేక తండ్రి మొబైల్ నంబరు’ అన్న గడి నింపితే గానీ పేజీ ముందుకు కదలదు. ఊళ్లో ఉన్న తల్లి నంబరిచ్చారు. మొన్నామధ్య కూతురి ఇంజినీరింగ్ కాలేజీలో పేరెంట్స్ మీటింగుకని ఒకపూట క్లాసు మానేశారు. సాయంత్రానికల్లా ఊళ్లో పెద్దావిడ ఫోను మోగింది. మెసేజ్ పక్కింటి పిల్లతో చదివించుకుని ఆవిడ వెంటనే ఫోన్ చేసింది.

"ఏరా, కాలేజీ ఎగ్గొట్టి ఎక్కడ తిరుగుతున్నావు?"

"పిల్ల కాలేజీకి వెళ్లానమ్మా..."

"దాన్ని అడ్డం పెట్టుకోకు. ఈ బుద్ధులన్నీ మీ నాన్నవే!"

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి దిగిపోయింది. ప్రిన్సిపాల్ గారు ఈయనకంటే నాలుగేళ్లు చిన్న. లేచి కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, వినయంగా చెప్పారట: "మీ అబ్బాయి తెలివైనవాడేనమ్మా. రికార్డు మాత్రం టైముకు సబ్మిట్ చేయడం లేదు."