ఫ్రీ మందు, టిప్పు అదనం

మయామీలో ఓడెక్కి కరీబియన్ దీవులకు షికారు పోయేవారికి టిప్పు ఇవ్వాలా, వద్దా అన్న మీమాంసే ఉండదు. కంపెనీవారే రోజుకింత, తలకింత అని లెక్కగట్టి బిల్లులో రాసేస్తారు. చాలా ఓడల్లో ఐస్‌క్రీం తప్ప మరోటి ముట్టని పిల్లకాయల తలలూ ఆ లెక్కలోనివే.

ఇక మందు ప్యాకేజీ. గదిలో ఒకరు కొంటే రెండోవారూ కొనాల్సిందేనని పెద్ద కంపెనీల్లో చాలావాటి రూలు. అయ్యగారు విస్కీకి కట్టిన రేటే అమ్మగారు నిమ్మరసానికీ కట్టాలన్నమాట. కార్నివాల్ వారి ‘చీర్స్’ ప్యాకేజీలో 24 గంటలకు 15 గ్లాసులే. ఆ పదిహేనూ లాగించి ఇంకా నిలబడి పదహారోది అడిగే మొనగాడికి డబ్బిచ్చినా పోయరు. ఉదయం 6 కొట్టాక మళ్లీ ఒకటి నుంచి లెక్క.

ప్యాకేజీ మీద 18 శాతమో, 20 శాతమో టిప్పు ముందే గుంజుతారు. టికెట్‌తో మందు ‘ఫ్రీ’ అంటారు చూడండి, అసలు తమాషా అక్కడుంది: ఆ ఫ్రీ మందు అసలు ధర కట్టి, దాని మీద టిప్పు వసూలు చేస్తారు!

ఇన్ని కట్టాక కూడా బార్ రసీదులో సంతకం పైన ఓ ఖాళీ గీత: ‘అదనపు టిప్పు’. కుర్రాడు పెన్ను మూత తీసి మరీ అందిస్తాడు.