తొక్కుతూ ఎక్కండి, రైల్లో దిగండి

అరకు నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా శృంగవరపుకోటకు ఒంటిచక్రం సైకిలు మీద దిగిన మర్నాడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఆ తర్వాతి రోజు మాత్రం మేడ దిగలేకపోయాను. రెయిలింగ్ పట్టుకుని, వెనక్కి తిరిగి, చంటిపిల్లాడు మంచం దిగినట్టు ఒక్కో మెట్టూ దిగాను. చిత్రం ఏమిటంటే పైకి ఎక్కడానికి ఇబ్బందేమీ లేదు. తొడ ముందుభాగాన్ని వేలితో నొక్కితే కళ్లనీళ్లు తిరిగాయి, పిక్కలు మాత్రం బాగానే ఉన్నాయి. ‘దిగుడే కదా బావా, జారుకుంటూ పోవడమే’ అని బయలుదేరేటప్పుడు చెప్పినవాడు మామూలు సైకిలు తొక్కుతాడు. రెండు చక్రాల మీద అతను చెప్పింది నిజమే.

దూరాలు తొక్కితే వచ్చే ఒళ్లునొప్పులు రాకుండా ఏం చెయ్యాలని అడిగేవాళ్లకు నేను చెప్పేవి వినగానే తలకిందుల మాటల్లా ఉంటాయి. కారణాలు విన్నాక మీరే తేల్చుకోండి.

ముందుగా, కొండ ఎక్కడానికి భయపడకండి. దిగడానికి భయపడండి. ఒంటిచక్రానికి ఫ్రీవీల్ ఉండదు. పిల్లల మూడు చక్రాల బండికి ఉన్నట్టే పెడళ్లు నేరుగా ఇరుసుకే బిగించి ఉంటాయి, చక్రం తిరిగినంతసేపూ కాళ్లూ తిరగాల్సిందే. పల్లంలో చక్రం మనల్ని దాటి ముందుకు పరిగెత్తాలని చూస్తుంది. పైకి లేచే పెడల్‌ను ప్రతి చుట్టులోనూ పాదంతో అణిచిపట్టి దాన్ని ఆపాలి. అంటే తొడ కండరం బిగుసుకుని ఉండగానే సాగుతుంది. నిండు గ్యాస్ సిలిండరును చప్పుడు కాకుండా నేల మీదికి దించేటప్పుడు చేతి కండరం చేసేదీ ఇదే పని. కండరాన్ని ఎక్కువగా దెబ్బతీసేది ఈ ‘సాగుతూ ఆపే’ పనే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, చెమట పడుతుంది, కానీ మర్నాడు నొప్పి తక్కువ. అలిపిరి మెట్లదారిలో తిరుమల ఎక్కి, మళ్లీ ఆ మెట్ల మీదుగానే దిగివచ్చినవాళ్లను అడగండి, ఏది కాళ్లు పట్టేసిందో చెబుతారు.

ఒక లెక్క చూడండి. దూరాలు వెళ్లేవాళ్లు ఎక్కువగా వాడేది 36 అంగుళాల చక్రం. దాని చుట్టుకొలత సుమారు 2.87 మీటర్లు. పది కిలోమీటర్ల దిగుడుకు దాదాపు 3,480 చుట్లు. ఒక్కో కాలూ అన్నిసార్లు చక్రాన్ని ఆపాలి. అలవాటులేని తొడ ఆ పని చేసి నొప్పి లేకుండా ఎలా ఉంటుంది? అందుకే అంటున్నాను, శృంగవరపుకోట నుంచి తొక్కుతూ అరకు ఎక్కండి, తిరిగి రైల్లో రండి. సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. దిగి నడుస్తానంటారేమో, నిటారు పల్లంలో నడకా తొడల మీదే పడుతుంది.

దిగక తప్పనప్పుడు బ్రేకు పెట్టించుకోండి. ‘ఒంటిచక్రానికి బ్రేకేమిటి, కాళ్లుండగా’ అనేవాళ్లున్నారు. ఆ కాళ్లను కాపాడుకోవడానికే బ్రేకు. సీటు ముందుభాగం కింద చిన్న లివరు ఉంటుంది. దాన్ని ఒక వేలితో, తాకీ తాకనట్టు, పల్లం పొడుగునా పట్టి ఉంచాలి. గట్టిగా నొక్కితే చక్రం ఆగుతుంది, మీరు ఆగరు. కాబట్టి ముందు ఖాళీ స్థలంలో, చదునైన నేల మీద వారం రోజులు సాధన చెయ్యండి. పని ఎంత తగ్గుతుందో మొదటి పల్లంలోనే తొడలకు తెలుస్తుంది.

రెండోది ఇంకా విడ్డూరంగా ఉంటుంది. నొప్పి రాకుండా చూసుకోకండి, ముందే కొంచెం తెచ్చుకోండి. పెద్ద ప్రయాణానికి రెండు వారాల ముందు ఏ కైలాసగిరి రోడ్డులాంటి చిన్న పల్లాన్నో ఎంచుకుని, బ్రేకు ముట్టకుండా, కాళ్లతోనే ఆపుకుంటూ ఒక్క పావుగంట దిగండి. రెండు రోజులు తొడలు నొప్పెడతాయి. నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. ఒకసారి అలా దెబ్బతిని కోలుకున్న కండరం, మళ్లీ అదే పని పడితే అంతగా నొప్పెట్టదు. ఆ రక్షణ కొన్ని వారాలపాటు ఉంటుంది. వ్యాయామ శాస్త్రంలో పదేపదే రుజువైన విషయం ఇది. నాకు తెలిసి ఇంతకు మించిన మందు లేదు, దీనికి పైసా ఖర్చు కూడా లేదు.

మరి బయలుదేరేముందు కాళ్లు సాగదీసుకోవడమో? మానమని అనను, దాని మీద ఆశ పెట్టుకోకండి అంటాను. 2011లో కోక్రేన్ సమీక్షలో 12 అధ్యయనాలను కలిపి చూస్తే, వ్యాయామానికి ముందు సాగదీసుకున్నవాళ్లకు మర్నాటి నొప్పి నూరు మార్కుల కొలమానంలో సగం మార్కు తగ్గింది. తర్వాత సాగదీస్తే ఒక మార్కు. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయి నొప్పి వస్తుందన్న మాట కూడా వదిలెయ్యండి. విశ్రాంతి తీసుకుంటే అది గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి పోతుంది. నొప్పి వచ్చేది ఒకరోజు గడిచాక. ఇది కండరంలోని సన్నని చీలికల వల్ల కావచ్చని థియోడర్ హాఫ్ అనే శాస్త్రవేత్త 1902లోనే రాశాడు. అయినా జిమ్ముల్లో ఇంకా పాత మాటే నడుస్తోంది, అది నాకు బాధగా ఉంటుంది.

మూడోది, సీటు మీద మూటలా కూలబడండి. ఒళ్లు తేలిగ్గా పెట్టుకోమని కొత్తవాళ్లకు చెబుతారు, వాళ్లు పడిపోతామన్న భయంతో పెడళ్ల మీద సగం నిలబడే తొక్కుతారు. గంట తిరిగేసరికి తొడలు వణుకుతాయి. బరువంతా సీటుకు ఇచ్చెయ్యాలి, కాళ్లకు తిప్పడం ఒక్కటే పని మిగలాలి. సీటు ఎత్తు కూడా చూసుకోండి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు దాదాపు తిన్నగా రావాలి. తక్కువ ఎత్తు సీటు మోకాళ్లను తినేస్తుంది.

అయితే మూటలా కూర్చుంటే తొడలు బతుకుతాయి గానీ కూర్చున్నచోట తిమ్మిరెక్కుతుంది. ఇక్కడ హ్యాండిల్‌బార్ లేదు, బరువును చేతులకు పంచే వీల్లేదు. సీటు ముందు చిన్న పట్టు పెట్టించుకుంటే కొంత ఆసరా. అసలు ఉపాయం మాత్రం సీటు దిగడమే. అలిసిపోయాక కాదు, అలిసిపోకముందు. అరగంటకోసారి, బాగా ఊపుమీద ఉన్నప్పుడే దిగి రెండు నిమిషాలు నడవండి. ఎంతసేపు దిగకుండా తొక్కామన్నది గొప్ప అనుకునేవాళ్లకు ఒక్క మాట. 2008లో కెనడాలోని నోవా స్కోషియాలో ‘రైడ్ ద లాబ్‌స్టర్’ అని 800 కిలోమీటర్ల ఒంటిచక్రం పందెం జరిగింది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన గట్టివాళ్లు అందులో తొక్కారు. జట్టుకు ముగ్గురు, వంతులవారీగా. ఒకడు తొక్కితే మిగతావాళ్లకు విశ్రాంతి. ఎడ్ ప్రాట్ అనే ఇంగ్లండు కుర్రాడు 36 అంగుళాల చక్రం మీద ప్రపంచం చుట్టి రావడానికి 2015 నుంచి 2018 దాకా తీసుకున్నాడు. దూరాలు పోయేవాళ్లు తొందరపడరు.

ఇక బిళ్లల సంగతి. నొప్పి వస్తుందేమోనని ముందే ఐబూప్రోఫెన్ లాంటివి వేసుకుని ఎండలో బయలుదేరేవాళ్లను చూశాను. ఈ పని దయచేసి చెయ్యకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మందులు మూత్రపిండాలకు హాని చెయ్యగలవు. పైగా నొప్పి తెలియనివ్వకపోతే ఎప్పుడు ఆగాలో మీకెవరు చెబుతారు? వచ్చేసిన నొప్పికి అమ్మ పెట్టే వేడినీళ్ల కాపడం, కొంచెం నూనె రాసి మర్దనా, మెల్లగా నాలుగడుగుల నడక చాలు. హాయినిస్తాయి, నొప్పి నాలుగైదు రోజుల్లో దానంతటదే పోతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఇంట్లో కూర్చోకండి. పెద్ద దిగుడు తొక్కిన రెండు మూడు రోజుల్లోపు తొడలు వాచి గట్టిపడి, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే అది మామూలు ఒళ్లునొప్పి కాదు. కండరం కరిగి రక్తంలో కలుస్తోందని అర్థం. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.