పిల్లల చెవిన పడకూడదట!

2016 మే నెలలో పాకిస్తాన్ ప్రసార నియంత్రణ సంస్థ పెమ్రా ప్రజల మేలు కోరి ఒక పని చేసింది. టీవీలో, రేడియోలో గర్భనిరోధక సాధనాల ప్రకటనలన్నీ బంద్! అవి చూసి అమాయకపు పిల్లలు "అదేంటి నాన్నా?" అని ఆరా తీస్తున్నారట. జవాబు చెప్పలేని నాన్నల పరువు కోసం దేశం నోరంతా మూయించారు. కొద్ది రోజుల్లోనే సడలించుకోవాల్సి వచ్చిందనుకోండి. అంతకు మూడేళ్ల ముందు జోష్ కండోమ్ ప్రకటననూ ఇలాగే ఆపేశారు. అందులో మోడల్ మతీరాది కొత్త పెళ్లికూతురి వేషం. తాళిబొట్టు లేకపోతేనేం, నిఖా అయిన మొగుడూ పెళ్లాలే! అయినా అశ్లీలమే.

(మనమేం తక్కువ తినలేదు. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని ఎయిడ్స్ ప్రచార హోర్డింగులు అడిగితే ఊరూవాడా ముసిముసిగా నవ్వుకుంది. కాకపోతే, అడగడమంటూ అడిగాయి.)

"మనది పద్ధతైన సమాజం, మనకు ఎయిడ్స్‌లాంటి జబ్బులు రావు" అంటారు పాకిస్తాన్ పెద్దలు. ఈ సంగతి వైరస్‌కి ఎవరూ చెప్పినట్టు లేదు. 2019 ఏప్రిల్‌లో సింధ్‌లోని లర్కానా జిల్లా రతోదెరోలో, జ్వరం ఎంతకీ తగ్గని పసివాళ్లకు రక్తపరీక్ష చేస్తే హెచ్‌ఐవీ అని తేలింది. ఒకరా ఇద్దరా, వందల మంది. ఎక్కువమందికి ఐదేళ్లు కూడా నిండలేదు. చాలామంది తల్లులకు జబ్బే లేదు. ఇక శీలపరీక్ష ఎవరికి పెడతారు, పాలబుగ్గలకా?

అంటించింది సూది. జలుబుకీ సూదే, నీరసానికీ సూదే. సూది వెయ్యనివాడు డాక్టరే కాదని రోగులు, వాడిన సిరంజినే మళ్లీ వాడితే నాలుగు డబ్బులు మిగులుతాయని వైద్యులు. పోలీసులు ఒక పిల్లల డాక్టర్ని పట్టుకుని, కావాలనే అంటించాడన్నారు. ఆ కథ నిలవలేదు. పాపం, కుట్రే అయ్యుంటే ఎంత హాయి! ఒకణ్ణి లోపలేసి చేతులు దులుపుకునేవారు. అజాగ్రత్తను ఏ జైల్లో పెడతారు?

2021లో ఒకసారి వాడితే మళ్లీ పనిచెయ్యని సిరంజిలే ఉండాలని రూలు పెట్టారు. అయినా 2024లో ముల్తాన్‌లో డయాలిసిస్‌కి వెళ్లిన కిడ్నీ రోగులు హెచ్‌ఐవీ తెచ్చుకున్నారు. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2010లో ఏడాదికి 16,000 ఉన్న కొత్త కేసులు 2024కి 48,000 అయ్యాయి. సోకినవాళ్లలో పదికి ఎనిమిది మందికి ఆ సంగతే తెలియదు. పరీక్షకెళ్తే గుమ్మం దగ్గర తెలిసినవాళ్లు చూస్తారేమోనని బెంగ. వాళ్లు మాత్రం అక్కడికెందుకొచ్చినట్టో!