హద్దుకు పేరు పెట్టడం ఎలా?

కెర్నెల్‌లో ఒక పరిమితిని నిర్వచించే పని మీ నెత్తిన పడిందా? శుభం. ముందు పేరు సంగతి చూద్దాం. 'మ్యాక్స్' అనే ముక్క ముందుండాలా, వెనకుండాలా అని బుర్ర పాడుచేసుకోకండి. ఫైలు దారి పొడవుకు హద్దు లినక్స్‌లో పాత్_మ్యాక్స్, విండోస్‌లో మ్యాక్స్_పాత్. మొదటిది 4096, రెండోది 260. ఇంటిపేరు ముందుంటే ఒక ఆస్తి, వెనకుంటే ఇంకో ఆస్తి అన్నమాట!

ఇక అసలు కిటుకు. సి భాషలో ప్రతి స్ట్రింగ్ చివరా ఒక సున్నా బైటు కూర్చుంటుంది కదా, దాన్ని లెక్కలో కలిపారో లేదో పేరులో పొరపాటున కూడా తెలియనివ్వకండి. పెద్దలు చూపిన దారి ఇదే. లినక్స్ హెడర్ ఫైలులో ఫైలు పేరుకు హద్దు నేమ్_మ్యాక్స్ 255, దాని కింది వరుసలోనే పాత్_మ్యాక్స్. కింది దాంట్లో ఆ సున్నా కలిసి ఉంది, పై దాంట్లో లేదు. బఫర్ కట్టేవాడు ఒకచోట ఒకటి కలపాలి, ఇంకోచోట అక్కర్లేదు. గుర్తులేకపోతే రెండుచోట్లా కలిపేయండి, ఒక బైటు వృథాకు కొంపేమీ మునగదు. రెండుచోట్లా మరిచిపోతే మునుగుతుంది గానీ, అది వాడేవాడి కొంప.

వ్యాఖ్యలో 'క్యారెక్టర్లు' అని రాసి, లెక్క బైట్లలో కట్టండి. ఇంగ్లీషులో రాసుకునేవాళ్లకు రెండూ ఒకటే. తెలుగుకు మాత్రం యూటీఎఫ్-8లో అక్షరానికి 3 బైట్లు, గుణింతపు గుర్తుకు 3, పొల్లుకూ 3. ఒక్క 'శ్రీ'కే 12 బైట్లు ఖర్చు! ప్రాసెస్ పేరుకున్న హద్దు టాస్క్_కామ్_లెన్ 16, సున్నా పోను 15. ఏ ప్రోగ్రామైనా తన ప్రాసెస్‌కు 'నాగేశ్వరరావు' అని పెట్టుకోబోతే కెర్నెల్ తప్పని చెప్పదు, కిక్కురుమనకుండా 'నాగేశ' దగ్గర కోసేస్తుంది. వెంకటేశ్వర్లు అదృష్టవంతుడు, 'వెంకట' అయినా మిగులుతాడు. శ్రీనివాసుకు దక్కేది 'శ్రీన'.

అసలు హద్దు మారిపోయినా పాత అంకెను చెరపకండి. ఆర్గ్_మ్యాక్స్ హెడర్‌లో ఇప్పటికీ 131072. 2007లో వచ్చిన 2.6.23 కెర్నెల్ నుంచి ఆర్గ్యుమెంట్ల మొత్తానికి హద్దు స్టాక్ పరిమితిలో నాలుగో వంతు. చదివేవాడికి కాస్త చరిత్ర కూడా తెలియాలి కదా.

హద్దే లేకపోతే ఈ తిప్పలుండవు కదా అంటారేమో. గ్నూ హర్డ్ వాళ్లు అదే చేశారు, పాత్_మ్యాక్స్‌ను నిర్వచించనే లేదు. పోజిక్స్ ప్రమాణం కూడా అందుకు ఒప్పుకుంటుంది. పాత్_మ్యాక్స్ ఉంటుందన్న ధీమాతో రాసిన ప్రోగ్రాములు మాత్రం అక్కడ కంపైలే కావు. మీకెందుకండీ ఆ సాహసం, 4096 అని రాసి ప్యాచ్ పంపేయండి.