వాకింగ్ సార్

ఈ మధ్య పత్తికొండలో నన్ను "వాకింగ్ సార్" అంటున్నారు. పొట్ట ఎట్ల తగ్గిందని అడిగినోళ్లందరికీ "తెల్లారి నాలుగున్నరకే లేస్తా" అని చెప్పుకుంటూ వచ్చా. లేచేది నిజమే. నీళ్లు తాగి మళ్లీ పడుకునేదానికి. పొట్టను తగ్గించింది ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె వెనక దాచిన సూది పెన్ను.

అందులోని మందు సెమాగ్లుటైడ్. తిండి లోపలికి పోయాక మన పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోను వదులుతాయి. "ఇంక చాలు" అని మెదడుకు చెప్పేవాటిలో అదొకటి. పాపం, నిమిషాల్లోనే కరిగిపోతుంది. అది నోరు తెరిచేలోపల నేను రెండో ప్లేటు ఉగ్గాని, దాంతోపాటు మిరపకాయ బజ్జీలు ముగించేవాణ్ని. ఈ మందు దాని నకలే గానీ, వారమంతా చెబుతూనే ఉంటుంది. కడుపు తొందరగా ఖాళీ కానివ్వదు కూడా. 2021లో వెలువడిన పెద్ద పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. 2023 నాటి ఇంకోదాంట్లో, గుండెజబ్బున్న లావుపాటి వాళ్లకు గుండెపోటు, పక్షవాతం లాంటివి 20 శాతం తగ్గాయి. ఈ లెక్కలన్నీ నాకు కంఠతా. నడవకుండా గట్టెక్కే దారి అంటే ఎంతైనా చదువుతా.

మొదటి నెల 0.25 మిల్లీగ్రాములే. దానికే వికారం. ఇంట్లో ఓళిగలు చేసినరోజు ఒక్కటి తిని చేయి కడిగేశా. మా ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసి, "యాడ తినొచ్చినావు?" అనింది. ఇన్నేళ్ల కాపురంలో నా శీలం మీద అనుమానం రావడం అదే మొదలు. పెన్ను బయటపెట్టక తప్పలేదు.

మాయమ్మకు అసలు అర్థమే కాలేదు. "ఆకలి కాకుండా దుడ్డిచ్చి సూది ఏసుకుంటారా ఎవురన్నా?" ఆమె అడగడంలో న్యాయముంది. ధాత కరువులో, 1877లో, రిచర్డ్ టెంపుల్ దొర కరువుపనుల కూలీలకు రోజుకు పౌను గింజలు చాలన్న సీమ ఇది.

డాక్టరు ముందే అన్నీ చెప్పాడు. పిత్తాశయంలో రాళ్లు రావొచ్చు, అరుదుగా క్లోమం వాయొచ్చు, ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే దీని జోలికే పోకూడదు. మానేస్తే, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు ఏడాదిలో తిరిగొస్తుందట. కొవ్వుతోపాటు కండా కరుగుతుంది కాబట్టి పప్పు, గుడ్లు తినాలి, రోజూ నడవాలి అన్నాడు. నడవాలి అన్నకాడ నాకు చెవులు సరిగ్గా వినపడలేదు.

మా ఆవిడకు బాగా వినపడింది. మొన్న పక్కింటామె వచ్చి, "సార్, మా ఆయన్ను గూడా మీతో పిల్చుకపోండి, రేపు నాలుగున్నరకు గేటు కాడ ఉంటాడు" అనింది. నేను గొంతు సవరించుకునేలోపలే మా ఆవిడ అందుకుంది: "నాలుక్కే రమ్మనక్కా, ఆయన అప్పటికే లేచింటాడు."